నేను టికెట్ అడగలేదు: వర్జీనియా నుంచి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో మొన్న నా గురించి ఫొటోతో సహా ఒక వార్త వేశారు. 'అమెరికా ఎన్నికల్లో తెలుగు మహిళ పరాజయం' అని శీర్షిక, కింద నాలుగు వాక్యాలు. పార్టీ టికెట్ దక్కకపోవడంతో ఇండిపెండెంటుగా బరిలోకి దిగి, అమెరికా చట్టసభకు జరిగిన ఎన్నికలో ఓడిపోయానని అందులో ఉంది. మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా మీ పేపరే వేయించుకుంటున్నారు. ఆ రోజు పొద్దున్నే ఆయనకు ఫోన్లు మొదలయ్యాయట. "పాపం, అమ్మాయికి టికెట్ ఇవ్వలేదటగా!" అని ఒకరి తర్వాత ఒకరు. మాకిక్కడ రాత్రయ్యాక ఆయన ఫోన్ చేసి ఒకటే అడిగారు: "నువ్వెవర్నైనా టికెట్ అడిగావామ్మా?"

అడగలేదు నాన్నా అన్నాను. "అయితే వాళ్ళకు రాయి" అన్నారు.

ఓడిపోయానన్నది నిజం. 2023 నవంబర్ 7న జరిగిన ఎన్నికలో నాది మూడో స్థానం. మిగతా రెండు మాటలూ నిజం కావు. వాటిని సరిదిద్దాలంటే కాస్త వివరంగా చెప్పాలి, ఉత్తరం పొడుగైతే మన్నించండి.

నేను నిలబడింది చట్టసభకు కాదు, మా కౌంటీ బోర్డుకు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, వర్జీనియా రాష్ట్రంలో 95 ఉన్నాయి. కౌంటీని నడిపే సభను ఇక్కడ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అంటారు. సూపర్‌వైజర్ అనగానే మనకు ఫ్యాక్టరీలో పని చేయించే మనిషి గుర్తొస్తాడు కాబట్టి పొరపాటు ఎలా జరిగిందో నాకు అర్థమవుతూనే ఉంది. మా కౌంటీని కొన్ని డిస్ట్రిక్టులుగా (మన వార్డుల్లాంటివి) విడదీసి ఒక్కోదాని నుంచి ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకుంటారు, పదవీకాలం నాలుగేళ్ళు. ఏ పొలంలో ఇళ్ళు కట్టుకోవచ్చు, ఏ స్థలంలో గోదాము రావచ్చు, ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకూ ఎంత పన్ను, ఫైర్ స్టేషన్ ఎక్కడ పెట్టాలి, లైబ్రరీ ఎన్ని గంటలు తెరవాలి అన్నవన్నీ వీళ్ళు తేలుస్తారు. బడులకు వేరే స్కూల్ బోర్డు ఉంది, దానికీ ఎన్నిక జరుగుతుంది. కానీ పన్ను వేసే అధికారం దానికి లేదు. కౌంటీ వాటాగా బడులకు ఎంత డబ్బు వెళ్ళాలన్నది మళ్ళీ ఈ సూపర్‌వైజర్ల చేతిలోనే ఉంటుంది. మా ఇంటి పన్ను, కారు పన్ను, పిల్లల క్లాసులో ఎంతమంది కూర్చోవాలన్న లెక్క, అన్నీ చివరికి ఆ గదికే చేరతాయి. వాషింగ్టన్‌లో ఎవరు ప్రెసిడెంటు అన్నదానికంటే ఆ గదిలో ఎవరు కూర్చున్నారన్నది మా వీధి బతుకును ఎక్కువ మారుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక టికెట్ సంగతి. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి ముందుగా జరిగే ఎన్నికను ప్రైమరీ అంటారు. వర్జీనియాలో ఒక పార్టీ ప్రైమరీలో పోటీ చేసేవాళ్ళు ముందే ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి. ప్రైమరీలో ఓడిపోతే ఆ పదవికే నవంబర్‌లో జరిగే ఎన్నిక బ్యాలెట్ మీద తమ పేరు అచ్చు వేయకూడదన్నది అందులోని మాట. దానికి తోడు, ఇండిపెండెంట్లు కాగితాలు దాఖలు చేయడానికి గడువు సరిగ్గా ప్రైమరీ రోజు సాయంత్రం 7 గంటలు. 2023లో అది జూన్ 20. పోలింగ్ ముగిసేదీ 7 గంటలకే. ప్రైమరీలో ఓడి, ఆ కోపంతో రెబల్‌గా నిలబడడానికి ఇక్కడ దారే లేదు. మన దగ్గర ఇండిపెండెంటు అనగానే టికెట్ రాని మనిషి అనుకోవడం అలవాటు. ఆ అలవాటు ఇక్కడి సంగతికి అతకదు.

నా విషయంలో ఇంకొక కారణం కూడా ఉంది. నేను ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగిని. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను, ఎన్నికల మాటల్లోకి ఉద్యోగాన్ని తేకూడదని ఆఖరి రోజు దాకా పాటించిన నియమం ఇప్పుడు తప్పదలచుకోలేదు. 1939లో వచ్చిన హ్యాచ్ చట్టం ప్రకారం ఫెడరల్ ఉద్యోగులు పార్టీలు తలపడే ఎన్నికల్లో అభ్యర్థులుగా నిలబడకూడదు. కానీ వాషింగ్టన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఫెడరల్ ఉద్యోగులు చాలా ఎక్కువ. అందర్నీ పక్కన పెడితే సొంత ఊరి వ్యవహారాల్లో వాళ్ళకు చోటే ఉండదు. అందుకని మేరీల్యాండ్, వర్జీనియాల్లో కొన్ని కౌంటీలను, పట్టణాలను పేరుపేరునా గుర్తించి ఒక మినహాయింపు ఇచ్చారు. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్, ప్రిన్స్ విలియం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడ ఉండే ఫెడరల్ ఉద్యోగి స్థానిక పదవికి పోటీ చేయవచ్చు, అయితే ఇండిపెండెంటుగా మాత్రమే. పార్టీ నా దగ్గరికి వచ్చి టికెట్ ఇస్తానన్నా తీసుకునే వీలు నాకు లేదు.

ఉద్యోగం లేకపోయినా నేను ఇలాగే నిలబడేదాన్ని. ఎందుకో చెప్తాను.

మా ఇళ్ళ కాలనీ వెనక ఒక పొలం ఉండేది. దాన్ని డేటా సెంటర్లకు, అంటే వేల కంప్యూటర్లు ఉంచే పెద్ద కట్టడాలకు, వీలుగా రీజోనింగ్ చేయమని, అంటే ఆ భూమిని వాడే తీరు మార్చమని ఒక దరఖాస్తు వచ్చింది. ఉత్తర వర్జీనియా గురించి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. లౌడన్ కౌంటీలో ఆష్‌బర్న్ ప్రాంతాన్ని డేటా సెంటర్ ఆలీ (డేటా సెంటర్ల సందు) అనే పిలుస్తారు, అంత ఒత్తుగా ఉంటాయి ఆ కట్టడాలు. వాటివల్ల కౌంటీలకు పన్ను బాగా వస్తుంది, ఇళ్ళ మీద పన్ను ఆ మేరకు తగ్గించుకోగలుగుతారు. మనవాళ్ళు ఎందరో వాటిని నమ్ముకున్న ఉద్యోగాల్లోనే ఉన్నారు. వాటికి నేను వ్యతిరేకిని కాదు. కానీ లోపలి కంప్యూటర్లను చల్లబరిచే ఫ్యాన్ల హోరు పగలూ రాత్రీ ఆగదు, కరెంటు పోతే నడపడానికి వరసగా డీజిల్ జనరేటర్లు పెడతారు, హై టెన్షన్ తీగలు ఎవరో ఒకరి పెరటి మీదుగా రావాల్సిందే. వీటికీ ఎలిమెంటరీ స్కూల్ ఆటస్థలానికీ మధ్య ఎంత దూరం వదులుతారన్నదే నా ప్రశ్న.

బోర్డు జనం మాట వినే పబ్లిక్ హియరింగ్ రోజు సాయంత్రం ఆరింటికి పేరు రాయించుకున్నాను. నా వంతు వచ్చేసరికి రాత్రి పదకొండు ముప్పావు. మాట్లాడడానికి మూడు నిమిషాలు. అప్పటికి చిన్నపిల్లల తల్లులు చాలామంది వెళ్ళిపోయారు. మా పక్కింటి పెద్దాయన కుర్చీలోనే నిద్రపోయారు, ఆయన పేరు పిలిచినప్పుడు నేనే తట్టి లేపాను. మేమంతా చెప్పాక బోర్డు ఓటు వేసింది. అవునన్నవాళ్ళలో రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు, కాదన్నవాళ్ళలోనూ రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు. దరఖాస్తు నెగ్గింది. స్కూలు నుంచి ఎంత దూరం అని నేనడిగిన మాటకు ఒక్కరు కూడా జవాబివ్వలేదు. కారులో ఇంటికి వస్తూ, ఈ కుర్చీలో కూర్చోవడానికి ఏం అర్హత కావాలో రేపు కనుక్కోవాలి అనుకున్నాను. పాతికేళ్ళు ఈ దేశంలో ఉండి, పౌరసత్వం తీసుకుని, ఆ మాట అంతకుముందు ఒక్కసారి కూడా అనుకోలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

కావలసింది 125 మంది సంతకాలు. ఊరికే సంతకం కాదు. నా డిస్ట్రిక్టులో నమోదైన ఓటరై ఉండాలి, పేరు, ఇంటి చిరునామా, తేదీ రాయాలి. సంతకాలు తీసుకున్న మనిషి అవి తన కళ్ళముందు పెట్టినవేనని నోటరీ ఎదుట ప్రమాణం చేయాలి. ఎన్నిక జరిగే ఏడాది జనవరి 1 నుంచి మొదలుపెట్టవచ్చు. జనవరి, ఫిబ్రవరి శని ఆదివారాలు లైబ్రరీ బయట నిలబడ్డాను. చలికి పెన్నులో సిరా రాక, రెండు పెన్నులు కోటు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకునేదాన్ని. సంతకం పెడితే ఓటు వేస్తానని మాటిచ్చినట్టు కాదు, బ్యాలెట్ మీద నా పేరు ఉండడానికి ఒప్పుకున్నట్టు మాత్రమే అని రోజుకు యాభైసార్లు చెప్పేదాన్ని. ఒక మాజీ సైనికుడు ఫారం మొత్తం, వెనక వైపు కూడా, నిలబడి చదివాడు. "నేను నీకు వేస్తానని అనుకోను. కానీ జనం ముందు నీ పేరు ఉండాలి" అని సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ కాగితం నకలు నా దగ్గర దాచుకున్నాను.

190 దాకా సేకరించాను. అన్ని ఎందుకంటే, కొన్ని చెల్లవని ముందే హెచ్చరించారు. 2020 జనాభా లెక్కల తర్వాత డిస్ట్రిక్టుల హద్దులు మారాయి. రోడ్డుకు ఇటు ఇల్లు నా డిస్ట్రిక్టు, అటు ఇల్లు వేరేది. తమది ఏ డిస్ట్రిక్టో ఇంటివాళ్ళకే తెలియదు. ఇల్లు మారి పాత చిరునామా మీదే ఓటు ఉంచుకున్నవాళ్ళు మరికొందరు.

ఇక మనవాళ్ళ ఇళ్ళ గురించి రాయాలి. ఈ ఉత్తరంలో నాకు ముఖ్యమైనది ఇదే.

అభ్యర్థులకు ఎన్నికల శాఖ ఓటర్ల జాబితా అమ్ముతుంది. పార్టీ అభ్యర్థులకు పార్టీ దగ్గర ఎన్నో ఏళ్ళ సమాచారం ఉంటుంది, ఎవరు ఎటు మొగ్గుతారో అంతా. నాకు ఈ జాబితాయే దిక్కు. అందులో మన ఇంటిపేర్లు వెతికి ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకున్నాను. మా వీధిలో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. జాబితాలో ఉన్నవి వాటిలో కొన్నే. కారణం అందరికీ తెలిసిందే. ఒక దేశంలో పుట్టినవాళ్ళకు ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో 7 శాతం పరిమితి ఉండడంతో మనవాళ్ళు ఏళ్ళ తరబడి వరసలో ఉన్నారు. గ్రీన్‌కార్డు వచ్చి, ఆ తర్వాత పౌరసత్వం వస్తే తప్ప ఓటు లేదు. ఇల్లు కొనుక్కున్నారు, పన్ను కడుతున్నారు, పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుతున్నారు, కౌంటీ వ్యవహారాల్లో మాత్రం మాట చెల్లదు. అలాంటి ఇంటావిడ ఒకామె నాకు 100 డాలర్ల చెక్కు రాసి కవర్లో పెట్టి ఇచ్చింది. తిరిగి ఇచ్చేశాను. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు స్థానిక ఎన్నికకు కూడా విరాళం ఇవ్వకూడదు, నేను తీసుకోకూడదు. ఆమె ముఖం చిన్నబోయింది. "పోనీ, పని చేయొచ్చా అక్కా?" అంది. జీతం లేకుండా చేసే సాయానికి అడ్డు లేదు. అప్పటినుంచి పదకొండు శనివారాలు నాతో ఇంటింటికీ తిరిగింది. కరపత్రాలు మెయిల్‌బాక్సులో వేయకూడదు, స్టాంపు లేని కాగితం అందులో పెట్టడం ఫెడరల్ నేరం. తలుపు పిడికే తగిలించాలి. ఆమె ఆ పని ఎంత శ్రద్ధగా చేసేదంటే, గాలికి ఎగరకుండా ప్రతిదానికీ రబ్బరు బ్యాండు వేసేది.

ఓటు ఉన్న మన ఇళ్ళలో నాకు ఎదురైన మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ పార్టీ అండీ?" ఇండిపెండెంటునంటే ముఖంలో జాలి. కొందరు మాది ఏ ఊరో, నేను ఏ తెలుగు సంఘమో అడిగారు. ఊరు చెప్పాను. ఏ సంఘంలోనూ లేనన్నాను. "మేం రాజకీయాల్లోకి పోమండీ" అని తలుపు వేసినవాళ్ళున్నారు. "నాలుగేళ్ళకోసారి ప్రెసిడెంటుకు వేస్తున్నాంగా" అన్నవాళ్ళు అంతకంటే ఎక్కువ. ప్రెసిడెంటు ఎన్నిక సరిసంఖ్య సంవత్సరంలో వస్తుంది, వర్జీనియాలో దాదాపు అన్ని కౌంటీల ఎన్నికలూ బేసి సంవత్సరంలో వస్తాయి. మా దగ్గర రెండూ ఒకే రోజు రావు. ప్రెసిడెంటుకు వేసి ఊరుకుంటే కౌంటీకి వేయనట్టే. ఇదొక్క ముక్క చెప్పడానికి గుమ్మాల ముందు నిలబడి ఎన్ని గంటలు ఖర్చుపెట్టానో.

తలుపు తీసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గంటసేపు ప్రశ్నలడిగిన ఇళ్ళూ ఉన్నాయి. ఎక్కువగా అడిగింది రోడ్ల గురించి. గుంతలు పూడ్పిస్తానని చెప్పి ఓటు అడగడం తేలిక. కానీ వర్జీనియాలో 1932 నుంచి కౌంటీ రోడ్లు చాలామటుకు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, ఆర్లింగ్టన్, హెన్‌రైకో కౌంటీలు తప్ప. గుంత పూడ్చాల్సింది రాష్ట్ర రవాణా శాఖ. పైగా రాష్ట్రం ఇచ్చిన అధికారాలు తప్ప కౌంటీకి సొంతంగా ఏవీ ఉండవని ఇక్కడి కోర్టులు పాటించే సూత్రం, డిల్లన్ రూల్ అంటారు. "అది నా చేతిలో ఉండదండీ" అని చెప్పిన ప్రతిసారీ ఒక ఓటు పోతోందని తెలుస్తూనే ఉండేది. అబద్ధం చెప్పలేకపోయాను.

ఇప్పుడు పోలింగు రోజు. మన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి అభ్యర్థికి పార్టీ గుర్తు ఉండదు కదా. మా కౌంటీ బ్యాలెట్ కూడా అలాంటిదే. ప్రెసిడెంటు, గవర్నరు, చట్టసభ సభ్యుల పేర్ల పక్కన పార్టీ పేరు అచ్చు వేస్తారు, సూపర్‌వైజర్ల పేర్ల పక్కన ఏమీ ఉండదు. బ్యాలెట్ మీద మా ముగ్గురి పేర్లూ సమానంగానే ఉన్నాయి. కాగితం మీద ఆ సమానత్వం చూసి నేను చాలా ఆశపడ్డాను. అయితే పోలింగు కేంద్రం తలుపుకు 40 అడుగుల అవతల రెండు పార్టీల వాళ్ళూ బల్లలు వేసుకుని శాంపిల్ బ్యాలెట్లు పంచుతారు. ఎవరికి వేయాలో గుర్తుపెట్టిన కాగితం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తమ పార్టీ కాగితం అందుకుని, లోపలికి వెళ్ళి, అది చూసి బ్యాలెట్ మీద గుర్తు పెడతారు. తప్పని అనను. ఒకే కాగితంలో షెరిఫ్ నుంచి స్కూల్ బోర్డు దాకా అన్ని పదవులుంటే ఎవరు మాత్రం అందరి గురించీ చదవగలరు? నేను కూడా నా పేరుతో చిన్న కార్డు వేయించాను. తెల్లవారి ఐదున్నర నుంచి రాత్రి 7 దాకా అదే చోట నిలబడి ఇచ్చాను. సెలవు పెట్టుకునే నిలబడ్డాను, అదీ రాయండి.

మధ్యాహ్నం ఒక తెలుగు దంపతులు వచ్చారు, డెబ్బై దాటినవాళ్ళు, కొడుకు దగ్గర ఉంటూ పౌరసత్వం తీసుకున్నారట. ఇద్దరి చేతుల్లోనూ పార్టీ కాగితం ఉంది. పెద్దావిడ నన్ను గుర్తుపట్టి, "మీ పేరు ఇందులో లేదేంటమ్మా? పోటీ మానుకున్నావా?" అని కంగారుగా అడిగింది. అసలు బ్యాలెట్ మీద ఉంటుందమ్మా, ఇది వాళ్ళు వేసుకున్న కాగితం అన్నాను. "చూశారా, నేను చెప్పలా" అని భర్తతో అంటూ లోపలికి వెళ్ళింది. ఎవరికి వేశారో నాకు తెలియదు. బ్యాలెట్‌కూ పార్టీ కాగితానికీ తేడా ఒకరికైనా తెలిసిందని ఆ పూట నాకు ఊపిరి వచ్చినట్టయింది.

ఫలితం తెలిసిందే. మర్నాడు పొద్దున్నే యార్డ్ సైన్లు, అంటే ఇళ్ళ ముందు పాతిన ప్రచార బోర్డులు, పీకడానికి బయల్దేరాం. ప్రభుత్వ రోడ్డు పక్కన సైను పెడితే ఒక్కోదానికి 100 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు, నేను ఇళ్ళ ముందు తప్ప పెట్టలేదు. ఒకావిడ ఇవ్వనంది. గరాజులో పెట్టుకుంటానంది, మళ్ళీ కావాల్సి వస్తుందని.

మళ్ళీ నిలబడతానా అని చాలామంది అడుగుతున్నారు. తదుపరి ఎన్నిక 2027లో. ఇంకా నిర్ణయించుకోలేదు. నేను నిలబడినా మరొకరు నిలబడినా, పార్టీ తరఫున అయినా కాకపోయినా, మీ పత్రిక నుంచి నేను కోరేది ఒకటుంది. మీ పాఠకుల్లో ఎందరి పిల్లలో ఈ ఉత్తర వర్జీనియాలో ఉన్నారు, పౌరసత్వం వచ్చినవాళ్ళు కూడా తక్కువ కాదు. ఇక్కడ మనవాళ్ళు గెలిస్తే మొదటి పేజీలో వేస్తారు, ఓడిపోతే జిల్లా పేజీలో వేస్తారు. ఆ పదవి ఏం చేస్తుందో మాత్రం రెండు సందర్భాల్లోనూ రాయడం లేదు. కౌంటీ బోర్డు గురించి, ఓటు నమోదు గురించి, ఇక్కడ పోలింగు రోజుకు 45 రోజుల ముందు నుంచే ఓటు వేయవచ్చన్న సంగతి గురించి ఒక్క అరపేజీ రాయండి. అది చదివి ఒక తల్లి ఫోన్‌లో, "మీ డిస్ట్రిక్టు సూపర్‌వైజర్ ఎవర్రా?" అని కొడుకును అడిగితే, నేను ఏడాదిపాటు గుమ్మాల ముందు చేసిన పని ఆమె ఒక్క మాటతో చేసినట్టే. తెలియదు అంటాడు. తర్వాత వెతుక్కుంటాడు.

నా ఫొటో, పేరు మళ్ళీ అక్కర్లేదు. టికెట్ దక్కలేదన్న మాట, చట్టసభ అన్న మాట తప్పని రెండు వాక్యాల సవరణ చాలు. అది మాత్రం జిల్లా పేజీలోనే వేయండి. నాన్నగారు పేపరు రాగానే ముందు తీసేది ఆ పేజీనే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఉత్తర వర్జీనియా